సలాం అంటే సున్నా

కామా ఒకటి ఎక్కువ పడినందుకు పేజీ మొత్తం తెల్లబోయింది. నతానియేలు కళ్లద్దాలను నుదుటి మీదికి తోసి, ముక్కు కంప్యూటరు తెరకు తగిలేంత దగ్గరగా వంగి, ఆ కామా ఎక్కడ దాక్కుందో వెతుకుతున్నాడు. కింద ఎరువుల దుకాణంలోని పురుగుమందు వాసన మెట్లెక్కి వచ్చి గదంతా పట్టుకుంది. బల్ల మీది టీ చల్లారి మీగడ కట్టింది. మనిషి పుట్టుక పుట్టి చేయాల్సిన పనేనా ఇది అని ఆయన రోజుకొకసారి అనుకుంటాడు. ఇవాళ ఇంకా పది కాకముందే రెండుసార్లు అనుకున్నాడు.

"దొరికినావా, దొంగ సచ్చినోడా" అన్నాడు చివరికి, కొలిమిగుండ్ల వరుస కొసన వేలాడుతున్న కామాతో.

దాన్ని తుడిచేసి పేజీని మళ్లీ తెరిచాడు. వాన గ్రాఫు గీతలన్నీ ఏమీ ఎరగనట్టు వచ్చి నిలబడ్డాయి. మండలానికో రంగు. కొలిమిగుండ్ల ఎరుపు, రుద్రవరం నీలం, ఆళ్లగడ్డ ఆకుపచ్చ. ఆకుపచ్చ గీత మాత్రం నిన్నటి దగ్గరే ఆగిపోయి ఉంది. ఈ రోజు లెక్క ఇంకా రాలేదు.

నతానియేలు సన్నటి మనిషి. యాభై దాటి కొన్నేళ్లయింది. బతుకంతా ఏదో ఒక మిషను ముందు కూర్చోవడంతో వీపు ముందుకు వంగి, మెడ తాబేలు మెడలా బయటికి వచ్చింది. నూనెపల్లెలో టైపు నేర్చుకుని హయ్యరు పాసయ్యేనాటికి కోర్టు ముందు టైపిస్టుల గొడుగులు ఒక్కొక్కటే మూతపడుతున్నాయి. పెళ్లిపత్రికల దుకాణంలో చేరి కంప్యూటరు మీద అక్షరాలు కూర్చడం నేర్చుకుంటే, జనం పత్రికలను ఫోనులోనే పంపుకోవడం మొదలుపెట్టారు. నేర్చుకున్న పనల్లా చేతికి బాగా అలవాటయ్యేసరికి పాతదైపోయేది. ఆ పాత అలవాటుకు ఇప్పటికీ మీటలను గుద్దినట్టు కొడతాడు. ఇంట్లో మరియమ్మ ఆయన ఫోను నొక్కుతుంటేనే, "మెల్లగ, దానికేం పాపం తెల్సు" అంటుంది.

ఇప్పటి కొలువు ఒక చిన్న కంపెనీలో. మండలాల్లో పడిన వానను వెబ్‌పేజీలో గ్రాఫుగా చూపించే కాంట్రాక్టు ఆ కంపెనీది. ప్రతి మండలంలో ఒకచోట వానకొలత డబ్బా ఉంటుంది. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు ఎవరో ఒకరు దాని గరాటు ఎత్తి, లోపల చేరిన నీళ్లను గీతలున్న గాజు గ్లాసులో పోసి, ఎన్ని మిల్లీమీటర్లో చూసి ఫోనులో పంపాలి. ఆ పంపినవాటిని శుభ్రం చేసి, ఫైల్లో పెట్టి, గ్రాఫు గీసే ప్రోగ్రాముకు అందించడం నతానియేలు పని.

చెప్పడానికి ఇంతే. కానీ ఆ ప్రోగ్రాము ఉందే, కొత్తల్లుడికి కూడా అన్ని పట్టింపులు ఉండవు. తేదీలో సంవత్సరం ముందుండాలి, నెల తర్వాత, రోజు చివర. తిరగేస్తే సెప్టెంబరు వానను తీసుకెళ్లి మే నెల ఎండల్లో కురిపిస్తుంది. అంకె ఒట్టిగా ఉండాలి. దాని చుట్టూ కొటేషన్ మార్కులు పడితే అది అంకే కాదు పొమ్మంటుంది. పక్కన మిల్లీమీటర్లు అని రాస్తే గీత మాయం. గడి ఖాళీగా వదిలితే అసలు పేజీనే మాయం. లెక్క రాని రోజున 'నల్' అని, అదీ ఒట్టిగా, పెట్టాలి. అప్పుడు ఆ రోజు దగ్గర గీతను తెంపి, తర్వాతి రోజు నుంచి మళ్లీ మొదలుపెడుతుంది. సున్నా పెడితే మాత్రం వాన పడలేదనుకుని గీతను నేలకు దించుతుంది. సున్నా వేరు, లెక్క తెలియకపోవడం వేరు. ఇది బుర్రకెక్కడానికి నతానియేలుకు ఒక వానాకాలం పట్టింది. మండలాల్లో ఉన్నవాళ్లకు ఇప్పటికీ ఎక్కలేదని ఆయన మంట.

కొలిమిగుండ్ల మనిషి గ్లాసు ఫోటో తీసి పంపుతాడు, అదీ అడ్డంగా. మెడ వంచి చూడాలి. రుద్రవరం ఆయన అంకె పక్కన దండం బొమ్మ పెడతాడు. ఆ దండాన్ని పొరపాటున అంకెతోపాటు ఫైల్లోకి తెచ్చామా, గీత దండం పెట్టి వెళ్లిపోతుంది. ఇవన్నీ ఒక ఎత్తు. ఆళ్లగడ్డ హమీదాబీ ఒక్కతే ఒక ఎత్తు.

హమీదాబీకి రాయడం రాదు. వాయిస్ మెసేజి పంపుతుంది. ఆమె భర్త నబీ రసూల్ అక్కడి పాత మండలాఫీసులో అటెండరుగా ఉన్నప్పుడు వానకొలత చూసేవాడు. ఆయన పోయాక, డబ్బా తమ ఇంటి గోడ పక్కనే ఉంది కదా అని ఆమె చూడటం మొదలుపెట్టింది. చూడమని ఎవరూ చెప్పలేదు, వద్దనీ ఎవరూ అనలేదు. అలాగే ఏళ్లు గడిచాయి. నతానియేలు ఆమె ముఖం ఎన్నడూ చూడలేదు. గొంతు మాత్రం, చర్చిలో పక్కన కూర్చునే మనిషి గొంతులా బాగా తెలుసు. ఆ గొంతు వెనకాల ఎప్పుడూ రాయి చెక్కుతున్న ఉలి చప్పుడు వినిపిస్తుంటుంది.

"సలాం నాయనా, నతానేలూ. రాత్రి బాగ పడిండాది. పద్నాలుగు, ఆపైన రెండు గీతలు. మంచి పదును. ఇంగ ఇత్తనం ఏసుకోవచ్చు. ఈ ఆచారోళ్లు రాళ్లు చెక్కితే దుమ్మంతా నా గరాటులో పడతాండాది, ఒగసారి నువ్వన్నా చెప్పప్పా వాళ్లకు. మీ ఇంటామె కన్ను ఎట్లుండాది?"

ఇంత పురాణంలోంచి పద్నాలుగు చుక్క రెండును ఏరుకోవాలి. నతానియేలు వెంటనే ఫోను నోటి దగ్గర పెట్టుకుని అరుస్తాడు. "ఒట్టి అంకె చెప్పు బీబమ్మా! అంకె! నీ పదును, నీ దుమ్ము, ఇవన్నీ గ్రాఫులోకి ఎక్కవని ఎన్నిసార్లు చెప్పాల?" మరుసటి రోజు మళ్లీ అదే పురాణం. ఎప్పుడైనా పని ఒత్తిడిలో ఆయన తిట్టడం మరిచిపోతే సాయంత్రానికి ఇంకో మెసేజి వస్తుంది. "లెక్క చేరిందా నాయనా? గమ్మునుండావే?"

ఇదైనా నయం. వాన లేని రోజుల సంగతి అసలు తలనొప్పి. ఇంట్లో బియ్యం అయిపోతే అయిపోయాయనరు, నిండుకున్నాయంటారు కదా, హమీదాబీకి వానతో ఆ పట్టింపు. వాన లేదు అన్న మాట నోటితో అనదు. సున్నా అనీ అనదు. కొత్తలో నతానియేలు నెత్తీ నోరూ కొట్టుకున్నాడు.

"సున్నా అని ఒక్క మాట చెప్తే నీ సొమ్మేం పోతాది బీబమ్మా?"

"ఆ మాట నా నోట్నుంచి రాదు నాయనా. రోజూ లేదు లేదంటాంటే ఆ పైనున్నోడు సరేలే అనుకుంటే మన గతేందీ? నేను సలాం చెప్తా. నువ్వే రాసుకో."

అలా కుదిరింది ఒప్పందం. అంకె లేకుండా ఒట్టి సలాం వస్తే సున్నా. ఎండాకాలమంతా ఆమె సలాములే. నతానియేలు వాటిని విని, సున్నాలు కొట్టి, నెలాఖరుకు ఫోనులో జాగా లేదని అన్నీ చెరిపేసేవాడు. నిన్న కూడా సలామే వచ్చింది. "సలాం నాయనా. మొగులు బాగ పట్టిండాది. పొద్దున చూద్దాం."

రాత్రి నంద్యాలలో వాన దంచింది. మరియమ్మ, తానూ కలిసి వాకిట్లోని సామాన్లన్నీ లోపలికి లాక్కున్నారు. ఆళ్లగడ్డలోనూ పడే ఉంటుంది. కానీ ఎనిమిదిన్నర పోయి చాలాసేపయింది. హమీదాబీ దగ్గర్నుంచి అంకె లేదు. సలామూ లేదు. ఇన్నేళ్లలో ఎప్పుడూ ఇలా జరగలేదు. సలాం అంటే సున్నా, సరే. మరి ఏమీ అనకపోతే ఏమనుకోవాలి?

ఫోను చేశాడు. మోగింది, ఎవరూ ఎత్తలేదు. మళ్లీ చేశాడు. "ముసల్దానికి అన్ని రోజులూ నోరు, ఈరోజే మూగనోము" అని గొణుక్కున్నాడు. చేసిన ప్రతిసారీ ఒక తిట్టు తిట్టి పెట్టేశాడు.

కోపం రావడానికి కారణం ఉంది. మధ్యాహ్నం మూడింటికి అధికారుల సమావేశం. గోడంత తెర మీద ఈ గ్రాఫు పెడతారు. పోయిన నెల మరియమ్మ కంటి ఆపరేషనుకు నతానియేలు సెలవు పెట్టిన రోజున, ఆయన సీట్లో కూర్చున్న వేరే కుర్రాడెవరో హమీదాబీ మెసేజిని విని, 'పద్నాలుగు, మంచి పదును' అని మాటలతో, కామాతో సహా ఫైల్లో ఎక్కించాడు. అధికారుల ముందు పేజీ తెల్లగా పడుకుంది. వాళ్లలో పెద్దాయన తెరను చూసి, వాన కనిపించడం లేదే అని నవ్వాడట. నవ్వి, ఇంకోసారి ఇలాగైతే కాంట్రాక్టు వేరేవాళ్లకు ఇస్తామన్నాడట. కంపెనీ పోతే యాభై దాటిన టైపిస్టును ఇంకెవరు పిలుస్తారు? ఇంకో కొత్త మిషను నేర్చుకునే ఓపిక తనలో లేదని నతానియేలుకు తెలుసు. ఆ సంగతి మరియమ్మకు కూడా చెప్పలేదు.

ప్రవీణ్ మెట్లెక్కి వచ్చాడు. కంపెనీ తరఫున నంద్యాల పనులన్నీ చూసేవాడు. వయసులో చిన్నవాడే గానీ మర్యాద తెలిసినవాడు. హెల్మెట్ తీయకుండానే తెర వైపు వంగాడు.

"ఆళ్లగడ్డ ఏదండీ నతానియేల్ గారూ?"

"రాలేదు సార్. ఫోనెత్తలేదు."

"సున్నా పెట్టేయండి పోనీ."

నతానియేలు సున్నా పెట్టాడు. మండలాల గీతలన్నీ రాత్రి వానకు పైకెగసి ఉంటే, ఆకుపచ్చది ఒక్కటే నేలకు జారి పడింది. చుట్టూ అంత వాన పడి మధ్యలో ఆళ్లగడ్డ మీద చినుకైనా రాలనట్టు. ఇద్దరూ కాసేపు దాన్ని చూశారు.

"చూస్తేనే తెలిసిపోతుంది" అన్నాడు ప్రవీణ్. "రుద్రవరం లెక్కే దీనికీ పెట్టండి. పక్కపక్కనే కదా."

నతానియేలుకు అదీ నచ్చలేదు. నీతి కోసం కాదు. రేపు ఆ ముసలామె మంచి పదును అంటూ అసలు లెక్క పంపితే, నెల మొత్తం కూడికలు మళ్లీ చేయాలి. ఆ చాకిరీ ఎవరు చేస్తారు? సున్నాను తీసి నల్ పెట్టాడు. గీత తెగింది.

"ఇదేందండీ, పన్ను ఊడినట్టు?" ప్రవీణ్ హెల్మెట్ తీసి తల గోక్కున్నాడు. "పోయినసారే అంత మాటన్నారు. ఇవాళ కొత్తగా గీత తెగి ఉంటే అందరికంటే ముందు పెద్దాయన కన్ను అక్కడే పడుతుంది. ఆళ్లగడ్డ ఎంత దూరమండీ? ఒక బస్సెక్కి పోయి లెక్క తెచ్చేయండి. ఫోన్లో చెప్తే నేనే ఎక్కిస్తాను."

గొడుగు తీసుకుని నతానియేలు మెట్లు దిగాడు. తుడిచిన కామాను, ఎవరూ ఎత్తని ఫోనును, తన తలరాతను వరుసగా తిట్టుకుంటూ బస్టాండు చేరాడు. పల్లెవెలుగు బస్సులో కిటికీ పక్క సీటు రాత్రి వానకు తడిసి ఉంది. తువ్వాలు వేసుకుని దాని మీదే కూర్చున్నాడు. శిరివెళ్ల దాటేవరకూ ఎడమ పక్కన నల్లమల మీద మబ్బు దుప్పటి కప్పుకున్నట్టు పడుకునే ఉంది. పొలాల్లో నీళ్లు నిలిచి మెరుస్తున్నాయి. ఇంత నీళ్లున్న ఊరికి తాను సున్నా పెట్టి వచ్చి ఉంటే ఎంత నగుబాటు అనిపించి మళ్లీ మండుకొచ్చింది.

పక్కన కూర్చున్న రైతు పలకరించాడు. "యాడికి పోతాండావప్పా?"

"ఆళ్లగడ్డకు. వాన ఎంత పడిందో అడిగేదానికి."

"దానికి అడిగేదేందీ? కండ్లకు కనపడ్లేదా?" అని ఆయన కిటికీలోంచి చూపించాడు. నతానియేలు దారి పొడవునా హమీదాబీని ఎలా కడిగేయాలో మాటలు కూర్చుకున్నాడు. ముఖాముఖి మొదటిసారి. మర్యాదగా మొదలుపెట్టాలా, అరుపుతోనే మొదలుపెట్టాలా? నీ సలాములు కట్టిపెట్టు బీబమ్మా, నీ మూలంగా నా నోట్లో మన్ను పడేట్టుంది అనాలి. ఆమె ఏమంటుందో కూడా ఆయనకు తెలుసు. మీ ఇంటామె కన్ను ఎట్లుండాది అంటుంది. అప్పుడు ఇంకా ఒళ్లు మండుతుంది.

ఆళ్లగడ్డలో దిగి పాత ఆఫీసు ఎక్కడని అడిగితే శిల్పులు పనిచేసే చోటికి దారి చూపించారు. రోడ్డుకు అటూ ఇటూ రేకుల షెడ్లు. వాటి ముందు ముఖాలు ఇంకా తేలని దేవుళ్లు, కాళ్లు ఇంకా విడిపడని ఏనుగులు, తడిసిన రాతి దుమ్ము. నతానియేలు నడుస్తూ నడుస్తూ ఏదో తేడాగా ఉందనుకున్నాడు. ఆమె ప్రతి మెసేజి వెనకా వినిపించే ఉలి చప్పుడు ఇక్కడ లేదు. ఒక్క షెడ్డులోనూ ఎవరూ పని చేయడం లేదు.

చివరి షెడ్డు ముందు బండ మీద ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. కనుబొమ్మల దాకా తెల్లటి దుమ్ము. చేతులు ఒళ్లో పెట్టుకుని ఉన్నాడు.

"హమీదాబీ ఇల్లు యాడప్పా?"

"నువ్వెవురు? చుట్టమా?"

"కాదు. నంద్యాల నుంచి. వాన లెక్క కోసం వచ్చినా."

పెద్దాయన ఆయనను పైకీ కిందికీ చూశాడు. పేరు వీరాచారి అని తర్వాత తెలిసింది.

"లెక్క చెప్పేదానికి మనిషి లేదప్పా" అన్నాడు. "పొద్దున పాయె."

నతానియేలుకు ముందు అర్థం కాలేదు. ఎక్కడికి పోయింది అని అడగబోయి, ఎదురుగా ఇంటి ముందు విడిచిన చెప్పులు చూసి ఆగిపోయాడు. గోడ వారగా నిలబెట్టిన బల్ల, తలలకు రుమాళ్లు కట్టుకున్న మగవాళ్లు, లోపలి నుంచి సన్నగా చదువుతున్న గొంతులు.

వీరాచారి కొంచెం జరిగి బండ మీద చోటిచ్చాడు. తనంతట తానే చెప్పుకొచ్చాడు. "నేను ఈడ్నుంచి చూస్తానే ఉండా. రోజు మాదిరే గరాటు ఎత్తె. నీళ్లు గ్లాసులోకి పోసి ఆ గోడ మీద పెట్టె. ఫోను తెచ్చుకుందామని ఇంట్లేకి పోతా గడపకాడ కూచునె. అలుపేమోలే అనుకుంటి. ఎంతసేపటికీ లేవకపాయె. పోయి చూస్తే అంతే. ఒక్క మాట అనలా."

లోపలి నుంచి ఒక ఆడమనిషి వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. ఏడ్చి ఏడ్చి ముఖం ఉబ్బిపోయి ఉంది. హమీదాబీ కూతురట, పేరు సుమయ్యా, ఆ వీధిలోనే కాపురం. ఈయన నంద్యాల నుంచి వచ్చాడని వీరాచారి చెప్పగానే ఆమె నతానియేలు వైపు తిరిగింది.

"నతానేలన్న నువ్వేనా?"

ఆయన తలూపాడు.

"మాయమ్మ దినామూ చెప్తాండె. నంద్యాల్లో ఆయన తిడితేనే నా లెక్క చేరినట్టు అనేది. తిట్టని దినం అన్నం తినకుండా ఫోను చూస్తా కూచునేది." ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. "పొద్దున్నుంచి ఫోను ఒగటే మోగుతాండె అన్నా. ఎవురెత్తుతారు? నువ్వేనేమో అనుకున్యాం."

నతానియేలుకు ఏడుపు రాలేదు. నంద్యాల నుంచి మోసుకొచ్చిన కోపమంతా గుండెల మీద అలాగే ఉండిపోయింది, తీసుకునేందుకు మనిషి లేదు. ఫోను మోగిన ప్రతిసారీ తానొక తిట్టు తిట్టాడు. ఆ తిట్లు ఇక్కడ, ఈ ఇంట్లో, ఆమె పక్కన మోగాయి. ఇంతమందిలో ఆమెను రోజూ తిట్టే హక్కు తన ఒక్కడికే ఉండేదని ఆయనకు ఇప్పుడే తెలిసింది. తెలియగానే అది పోయింది.

"లెక్క కావాలంటివి కదా" అన్నాడు వీరాచారి లేస్తూ. "ఆడ్నే ఉండాది. ఎవురినీ ముట్టనియ్యలా."

ఇంటికీ పాత ఆఫీసుకూ మధ్య నడుం ఎత్తు గోడ. గోడకు అటు పక్క వానకొలత డబ్బా, పక్కన తీసి పెట్టిన గరాటు. గోడ మీద గ్లాసు. గ్లాసు పైన అరచేయంత పలుచటి రాతిపలక.

"దుమ్ము పడతాదని ఆయమ్మ మమ్మల్ని తిట్టని రోజు లేదు" అన్నాడు వీరాచారి. "అందుకే మూసిపెట్టినా. పని కూడా ఆపించినా, ఈ దినానికి."

నతానియేలు పలకను జరిపి గోడ ముందు వంగాడు. అప్పుడెప్పుడో, తాను అడగకుండానే, ఆమె చెప్పింది. గ్లాసులో నీళ్లు అంచుల్లో పైకి పాకుతాయి నాయనా, నడుమ వంగుతాయి. ఆ వంగిన కాడ చూడాల. కంటికి ఎదురుగ పెట్టుకోని చూడాల, పైనుంచి చూస్తే తప్పు చెప్తాది. అదీ ఒక మెసేజే. దానికి కూడా ఆయన అంకె చెప్పమనే అరిచాడు. ఇప్పుడు వీపు ఇంకా వంచి, మోకాళ్లు వంచి, కళ్లను నీళ్ల మట్టానికి తెచ్చి చూశాడు. పదిహేడు, ఆపైన నాలుగు గీతలు. నమ్మకం కుదరక కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు. పదిహేడు చుక్క నాలుగు.

గోడకు ఆనుకుని ప్రవీణ్‌కు ఫోను చేశాడు.

"సార్, ఆళ్లగడ్డ వచ్చినాను. రాత్రి బాగా పడింది సార్ ఇక్కడ. మంచి పదును. ఆమె పొద్దున్నే గరాటు తీసి, నీళ్లు గ్లాసులో పోసి, ఫోను కోసమని లోపలికి పోతూ..."

"నతానియేల్ గారూ" అన్నాడు ప్రవీణ్ హడావుడిగా, "తర్వాత మాట్లాడుకుందాం. టైం అవుతోంది. ఒట్టి అంకె చెప్పండి."

నతానియేలు గ్లాసు వైపు మళ్లీ చూశాడు.

"పదిహేడు చుక్క నాలుగు" అన్నాడు.

అవతల మీటల చప్పుడు వినిపించింది. "వచ్చేసింది. గీత కలిసింది. బ్రహ్మాండంగా ఉంది. అమ్మయ్య! ఇంతకీ ఆమె ఫోనెందుకు ఎత్తలేదట?"

"చనిపోయింది సార్. లెక్క చూసినాక."

అవతల మీటల చప్పుడు ఆగిపోయింది. ప్రవీణ్ మెల్లగా, "అయ్యో. మరి రేపు?" అన్నాడు.

"రేపు నల్ పెడదాం సార్" అన్నాడు నతానియేలు. గొంతు తనకు తెలియకుండానే పెద్దదైంది, రోజూ ఉదయం అరిచే అరుపులా. "గీత తెగితే తెగనీండి. పన్ను ఊడినట్టుంటే ఉండనీండి. ఎవరడిగినా నేను చెప్పుకుంటాను. సున్నా మాత్రం పెట్టొద్దు సార్. ఆమె ఆ మాట ఎప్పుడూ అనలేదు."

మధ్యాహ్నం నమాజు తర్వాత ఆమెను తీసుకెళ్లారు. రోడ్డు పొడవునా షెడ్లలోంచి శిల్పులు వచ్చి, దుమ్ము చేతులు దులుపుకుని నిలబడ్డారు. నతానియేలు గొడుగు చంకలో పెట్టుకుని అందరికంటే వెనక నడిచి, మలుపు దగ్గర ఆగిపోయాడు. ఆ తర్వాత ఎలా నిలబడాలో, ఏం చదవాలో ఆయనకు తెలియదు. నోటికి వచ్చింది ఒక్కటే మాట. "సలాం బీబమ్మా" అన్నాడు.

బస్సుకు ఇంకా వ్యవధి ఉంటే గోడ దగ్గరికి తిరిగి వచ్చాడు. లెక్క చూశాక గ్లాసులో నీళ్లు పారబోసి, గరాటు మళ్లీ డబ్బా మీద పెట్టాలి. అది పద్ధతి. లేకపోతే రేపటి వాన తప్పుగా వస్తుంది. గరాటు తీసి డబ్బా మీద సరిగ్గా కూర్చోబెట్టాడు. గ్లాసును కూడా చేతిలోకి తీసుకున్నాడు. వంచడానికి చెయ్యి రాలేదు. ఎక్కడ తీశాడో అక్కడే, గోడ మీద ఉన్న తడి వలయంలోనే మళ్లీ పెట్టి, పైన పలక మూసి, బస్టాండు వైపు నడిచాడు.

వెనకాల ఎక్కడో ఒక షెడ్డులో ఒక ఉలి ముందు మెల్లగా, తర్వాత మామూలుగా మోగడం మొదలుపెట్టింది. గోడ మీద గ్లాసు రాతిపలక కింద, పదిహేడూ నాలుగు గీతల దాకా రాత్రి వానతో అలాగే ఉంది.